గడి నిలిచింది.. బావి తేరుకుంది.. మిగతావాటి మాటేమిటి?

దోమకొండ: కామారెడ్డి జిల్లాలో పాత రాతి కట్టడాల ప్రస్తావన వస్తే ఎవరికైనా ముందుగా స్ఫురించేది దోమకొండ గడి. ఒకనాటి సంస్థాన కేంద్రమైన ఈ కోట 2022లో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో భాగంగా యునెస్కో నుంచి ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ అందుకుంది. అదే ఏడాది హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఉన్న మెట్ల బావులకూ యునెస్కో పురస్కారం దక్కింది. రాజధానిలోని సుప్రసిద్ధ కట్టడాల సరసన ఒక మండల కేంద్రంలోని గడి పేరు చేరడం చిన్న విషయమేమీ కాదు.

పాతికేళ్ల కిందట ఈ గడిని చూసినవారు ఇలాంటి రోజు వస్తుందని ఊహించి ఉండరు. గోడల సందుల్లో రావి మొక్కలు, పెచ్చులూడిన పైకప్పులు, గబ్బిలాల వాసన.. పాడుబడిన ఏ గడికి వెళ్లినా కనిపించే దృశ్యమే ఇక్కడా కనిపించేది. దోమకొండ ఎలా బయటపడింది, ఇదే జిల్లాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లోని మిగిలిన కట్టడాల్లో ఏవి నిలిచాయి, ఏవి నిలవలేకపోతున్నాయి అన్నది పరిశీలించదగిన విషయం. అందుకు ముందు దోమకొండ చరిత్రను కొంత తిరగేయాలి.

బిక్కనవోలు ప్రభువులు

దోమకొండ సంస్థాన చరిత్ర దోమకొండలో మొదలు కాలేదు. కామినేని వంశీయులు తొలుత బిక్కనవోలు కేంద్రంగా పాలించారు. నేటి భిక్కనూరే ఆనాటి బిక్కనవోలు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ వంశంలో పుట్టిన మల్లారెడ్డి పాలకుడే కాదు, కవి కూడా. షట్చక్రవర్తి చరిత్ర, పద్మపురాణం, శివధర్మోత్తరం ఆయన కృతులు. తెలంగాణ పల్లె సీమల్లో ప్రబంధ కవిత్వం ఏపాటిదని అడిగేవారికి ఈ ఒక్క పేరు చాలు. డిగ్రీలో తెలుగు సాహిత్య చరిత్ర చదువుకున్న ఈ విలేకరికి, పాఠంలోని బిక్కనవోలు తాను రోజూ బస్సు మారే భిక్కనూరేనని చాలా ఆలస్యంగా తెలిసింది. పాఠం చెప్పినవారు ఆ ముక్క చెప్పలేదు, చదివినవారు అడగలేదు.

భిక్కనూరులోని సిద్ధరామేశ్వరాలయం ఈ ప్రాంత శైవ సంప్రదాయానికి ఆనవాలు. నేటికీ నిత్యపూజలు, జాతరలతో కళకళలాడే ఈ ఆలయానికి ఎవరో వచ్చి పరిరక్షణ నేర్పాల్సిన అవసరం రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

కామారెడ్డి పట్టణానికి ఆ పేరు సైతం ఈ వంశం నుంచే వచ్చింది. 17వ శతాబ్ది పూర్వార్ధంలో పాలించిన చిన్న కామిరెడ్డి పేరు మీదుగా ఊరికి కామారెడ్డి అనే పేరు స్థిరపడిందని జిల్లా చరిత్ర చెబుతోంది. తర్వాతి కాలంలో సంస్థాన కేంద్రం దోమకొండకు మారింది. నేడు మనం చూస్తున్న కోట 18వ శతాబ్ది నాటిది.

అసఫ్‌జాహీల రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, పాల్వంచ, పాపన్నపేట, సిర్నాపల్లి వంటి సంస్థానాలతో పాటు దోమకొండ కూడా ఒకటి. సంస్థానాధీశులు నిజాంకు ఏటా పేష్కష్ చెల్లిస్తూ తమ పరిధిలో శిస్తు వసూలు, పాలన నడుపుకొనేవారు. దర్బారు భాష ఉర్దూ కావడంతో సంస్థాన కుటుంబాలు తెలుగుతో పాటు ఉర్దూ, ఫారసీలను శ్రద్ధగా అభ్యసించాయి. దోమకొండ రాజా రాజేశ్వరరావు ‘అస్గర్’ అనే కలం పేరుతో ఉర్దూలో రచనలు చేసి, నిఘంటు నిర్మాణంలో పేరు గడించారు. ఒకే వంశంలో మూడు నాలుగు శతాబ్దాల ఎడంతో ఒకరు తెలుగు ప్రబంధకర్త, మరొకరు ఉర్దూ నిఘంటుకర్త.

రైలు వచ్చింది.. కేంద్రం మారింది

హైదరాబాద్ - గోదావరి లోయ రైలు మార్గం 1900 ప్రాంతంలో ఈ సీమ మీదుగా సాగింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే ఆ పట్టాలు కామారెడ్డిని తాకాయే గానీ దోమకొండను తాకలేదు. ధాన్యం, బెల్లం వ్యాపారం రైలు స్టేషన్ చుట్టూ అల్లుకుంది. కచేరీలు, మండీలు అక్కడే వెలిశాయి. సంస్థాన కేంద్రం పక్క ఊరుగా, పక్క ఊరు పట్టణంగా మారాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో నిజామాబాద్ నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడేనాటికి ఈ మార్పు పూర్తయి చాలా కాలమైంది. దోమకొండకు ఇది నష్టమే. అయితే గడికి మాత్రం ఒక రకంగా మేలే జరిగిందని ఈ విలేకరి అభిప్రాయం. పట్టణం మధ్యన ఉండి ఉంటే నలభై ఎకరాల ఖాళీ జాగా ఈపాటికి దుకాణ సముదాయాలై ఉండేది.

కోట లోపల

సుమారు నలభై ఎకరాల విస్తీర్ణంలో వర్తులాకారంగా కట్టిన కోట ఇది. చుట్టూ రాతి ప్రాకారం, దాని వెలుపల కందకం. గుట్ట మీద గాక చదును నేల మీద కట్టినందున శత్రువును నిలువరించే భారమంతా ఈ గోడ, నీరు కలిసి మోయాల్సి వచ్చింది. లోనికి వెళ్లగానే రెండు కాలాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి కాకతీయుల నాటి శైలిలో నల్లరాతితో నిర్మించిన మహాదేవుని ఆలయం. స్తంభాల మీద నిలిచిన మండపం, గర్భాలయం, మితమైన చెక్కడం దాని లక్షణాలు. గడి కట్టకముందే ఇక్కడ జనావాసం, పూజ ఉండేవనడానికి ఈ ఆలయమే సాక్ష్యం.

రెండోది మహళ్ల కాలం. అద్దాల మేడ, వెంకట భవనం పేర్లతో ప్రసిద్ధమైన ఈ భవంతుల్లో అసఫ్‌జాహీ కాలపు అభిరుచి అడుగడుగునా కనిపిస్తుంది. వంపు తిరిగిన కమాన్లు, గుండ్రని స్తంభాలు, గచ్చుతో తీర్చిన లతలు, పూలు, నడిమి ముంగిట్లో నీటి కొలను.. హైదరాబాద్ దేవిడీల్లోని హంగులన్నీ ఇక్కడికి నడిచి వచ్చాయి. ఐరోపా పోకడలు కూడా వాటితో కలిశాయి. కొలను అందం కోసమే కట్టిందనుకుంటే పొరపాటు. నాలుగు వైపులా గదులున్న ఇంటి నడుమ నీరు ఉంటే, ఎండాకాలంలో దాని మీదుగా వచ్చే గాలి చల్లబడి గదుల్లోకి వీస్తుంది. మందమైన గోడలు పగటి వేడిని లోపలికి త్వరగా రానివ్వవు. కరెంటు లేని రోజుల్లో ఏప్రిల్, మే నెలలు గడపడానికి చేసుకున్న ఏర్పాటు అది.

గడి అంటే రెండు జ్ఞాపకాలు

గడి అనే మాటను తెలంగాణ పల్లె ఒకే అర్థంలో పలకదు. చదువుకున్నవారికి అది వారసత్వ కట్టడం. ముందు తరం వారికి వెట్టిచాకిరి. బండి కట్టి, కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, చెప్పులు చేతపట్టుకుని గడి ముందు నుంచి నడిచి వెళ్లిన రోజుల జ్ఞాపకం నిజాం రాష్ట్రపు పల్లెలన్నింటికీ ఉన్నదే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. మరుసటి ఏడాది, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. శిస్తు రాబడి ఆగిపోయిన తర్వాత అంత పెద్ద భవంతులను నిలుపుకోవడం ఏ కుటుంబానికైనా కష్టమైంది. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాద్ చేరారు. 1970 దశకం చివర జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో మొదలైన రైతు కూలీ ఉద్యమాల తర్వాత ఉత్తర తెలంగాణలో మిగిలిన దొరలూ ఊళ్లు విడిచారు. తాళం పడిన గడుల తలుపులు, దూలాలు, చెక్క స్తంభాలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి.

కాబట్టి గడి కూలిపోతుంటే ఊరు పట్టించుకోలేదని నిందించే ముందు కొంత ఆగాలి. తనను భయపెట్టిన గోడను తానే కాపాడుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? ఒక గడి నిలవాలంటే డబ్బుతో పాటు, ఆ గోడ పట్ల ఊరి మనసు కూడా మారాలి. దోమకొండలో గమనించదగిన సంగతి అదే.

2011 ప్రాంతంలో కామినేని కుటుంబం గడి పునరుద్ధరణకు పూనుకుంది. సంస్థాన వారసుడు, విశ్రాంత ఐఏఎస్ అధికారి కామినేని ఉమాపతిరావు, కుటుంబ సభ్యులు ఇందుకోసం దోమకొండ ఫోర్ట్ అండ్ విలేజ్ డెవలప్‌మెంట్ ట్రస్టును ముందు నిలిపారు. పరిరక్షణ వాస్తుశిల్పి అనురాధ నాయక్ ఈ పనికి రూపునిచ్చారు. ట్రస్టు పేరులో కోటతో పాటు గ్రామం కూడా ఉండటం గమనార్హం. మహాదేవుని ఆలయాన్ని ముందుగా బాగుచేసి పూజలకు అనువుగా తీర్చిదిద్దడంతో, కోట ద్వారం ఊరి జనానికి గుడి ద్వారంగా తెరుచుకుంది. గ్రామీణ ప్రాంతంలో ప్రైవేటు చొరవతో ఒక కట్టడం అందరికీ పనికొచ్చే జాగాగా మారడమే యునెస్కో న్యాయనిర్ణేతలను మెప్పించింది. ఉమాపతిరావు 2020 మే నెలలో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత వచ్చిన పురస్కారాన్ని ఆయన చూడలేదు.

సున్నం, బెల్లం, కరక్కాయ

పాత కట్టడాన్ని బాగుచేయడమంటే సిమెంటు పూసి రంగు వేయడమని మన ఊళ్లలో బలమైన నమ్మకం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పూర్వపు గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులతో తిప్పే రాతి గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం వంటివి చేర్చి పులియబెట్టేవారు. ఇలా కట్టిన గోడ లోపలికి చేరిన తేమను క్రమంగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోలోపల నిలిచి సున్నాన్ని పిండి చేస్తుంది. పైకి నున్నగా కనిపించే గోడ పదేళ్లలో పొరలు పొరలుగా ఊడుతుంది. గుడి గోడలకు ఏటేటా ఎనామిల్ రంగులు వేయించే దాతలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

రెండో శత్రువు రావి మొక్క. పక్షి రెట్టలో పడిన గింజ గోడ సందులో మొలుస్తుంది. పైన కోసినంత మాత్రాన చావదు. వేరు లోపలికి దిగి రాళ్లను ఎడంగా నెడుతుంది. ఏడాదికోసారి మనిషిని ఎక్కించి మొలకలు లేతగా ఉన్నప్పుడే పీకిస్తే ఖర్చు వందల్లో తేలుతుంది. ఇరవై ఏళ్లు వదిలేస్తే లక్షలు పెట్టి గోడ విప్పి మళ్లీ కట్టాలి. పెద్ద పునరుద్ధరణలకు నిధులు ఇచ్చేవారు అప్పుడప్పుడైనా దొరుకుతారు గానీ, ఈ ఏటేటి పనికి డబ్బు కేటాయించే పద్దు మాత్రం ఏ పంచాయతీ బడ్జెట్టులోనూ ఈ విలేకరికి కనిపించలేదు.

లింగంపేట మెట్ల బావి

కామారెడ్డి నుంచి పడమటగా ఎల్లారెడ్డి వెళ్లే దారిలో లింగంపేట వస్తుంది. ఇక్కడ నాగన్న బావిగా పిలిచే మెట్ల బావిని 18వ శతాబ్దిలో స్థానిక పాలకుడు నాగన్న తవ్వించాడని చెబుతారు. నేల మట్టం నుంచి చూస్తే లోయలాగా కిందికి దిగే రాతి మెట్లు, అంతస్తులుగా కమాన్లు, మధ్యన నీరు.. మొదటిసారి చూసినవారు ఇది మన మండలంలోనే ఉందా అని ఆశ్చర్యపోతారు.

మామూలు చేదబావికి, మెట్ల బావికి తేడా ఉంది. భూగర్భ జలం వానాకాలంలో పైకి, ఎండాకాలంలో కిందికి జరుగుతుంది. చేదబావిలో తాడు పొడుగు పెంచుకోవాలి. మెట్ల బావిలో మనిషే నీటి వెంట దిగుతాడు. నీరు ఏ మెట్టు వద్ద ఉందో చూస్తే ఆ ఏడాది కాలం ఎలా ఉందో తెలిసిపోతుంది. బాటసారులు, పశువుల కాపరులు, నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు కమాన్ల నీడలో సేదతీరేవారు. బోరుబావులు వచ్చాక ఈ లెక్క తారుమారైంది. చుట్టుపక్కల పొలాల్లో వందల అడుగుల లోతు నుంచి నీళ్లు తోడేయడంతో పైపొర నీరు దిగిపోయింది. నీరు లేని బావికి పని లేదు. పని లేని గోతిలోకి చెత్త చేరుతుంది. తెలంగాణలో నూటికి తొంభై మెట్ల బావుల కథ ఇదేనంటే అతిశయోక్తి కాకపోవచ్చు.

2022 నుంచి ఈ బావికి మంచిరోజులు వచ్చాయి. వాననీటి సంరక్షణ కోసం పాటుపడుతున్న స్వచ్ఛంద బృందం, జిల్లా యంత్రాంగం చేయి కలపడంతో పూడిక తీసి, చెట్లు తొలగించి బావిని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అదే ఏడాది డిసెంబరులో ప్రారంభమైన సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావి వెనుకా ఇలాంటి కృషే ఉంది. అక్కడ నగరపాలక సంస్థ సిబ్బంది, సందర్శకులు, దీపాలు ఉన్నాయి. లింగంపేటలో అంత జనం లేరు. ఒకసారి తీసిన పూడిక వానల్లో మళ్లీ చేరకుండా చూసే బాధ్యత గ్రామానిదే.

నీళ్లు పారినంత కాలం..

లింగంపేట దాటి ఎల్లారెడ్డి చేరి అక్కడి నుంచి మెదక్ దిక్కుగా వెళ్తే పోచారం జలాశయం కనిపిస్తుంది. మంజీర ఉపనదిపై 1922లో పూర్తయిన ఈ రాతి ఆనకట్ట నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలాలకు నేటికీ నీరందిస్తోంది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేట స్థలం, ఇప్పుడు వన్యప్రాణి అభయారణ్యం. ఆనకట్టను వారసత్వ కట్టడమని ఎవరూ అనరు. అది రైతులకు ప్రాజెక్టు మాత్రమే. అయితే 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచెత్తిన వర్షాలకు పోచారం మీదుగా కనీవినీ ఎరుగని వరద పోటెత్తింది. పక్కన మట్టి కోసుకుపోయింది. ఏ క్షణాన ఏమవుతుందోనని దిగువ గ్రామాలు వణికిపోయాయి. వందేళ్లు దాటిన రాతి కట్ట మాత్రం తెగలేదు. అది తెగి ఉంటే ఈ కథనంలో రాయాల్సిన విషయాలు వేరుగా ఉండేవి.

ఎల్లారెడ్డికి వాయవ్యంగా మంజీరపై ఉన్న నిజాంసాగర్ ఇంకా పెద్దది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టుకు రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరివ్వాలన్న లక్ష్యంతో, దాదాపు 30 టీఎంసీల నిల్వతో నిర్మించిన జలాశయం పూడిక కారణంగా కుంచించుకుపోయింది. ఇప్పుడు దాని సామర్థ్యాన్ని 17.8 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. ఆనకట్ట కింద ముంపునకు గురైన పల్లెల వారికి దీని జ్ఞాపకం వేరు. బోధన్, బాన్సువాడ ప్రాంతాల వరి, చెరకు రైతులకు వేరు. కట్టడం మాత్రం చెక్కుచెదరలేదు. కారణం సుస్పష్టం. ఏటా నీళ్లు వదలాలి గనుక ఏటా గేట్లకు గ్రీజు పెట్టాలి, గోడను చూసుకోవాలి, జీతమిచ్చి మనిషిని ఉంచాలి. చూసే మనిషి ఉన్న కట్టడానికీ లేని కట్టడానికీ మధ్య తేడా తెలుసుకోవాలంటే జిల్లాకు మరో కొసన ఉన్న కౌలాస్ వెళ్లాలి.

కౌలాస్ కోట

మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరగా జుక్కల్ మండలంలో ఉన్న కౌలాస్ కోట దోమకొండ కంటే చాలా పాతది. దక్కన్‌ను ఏలిన రాజవంశాలు ఒకదాని తర్వాత ఒకటి దాన్ని పట్టుకున్నాయి. గుట్టను చుట్టిన ప్రాకారాలు, బురుజులు, లోపలి ఆలయాలు, దర్గా.. ఒక రోజంతా తిరిగినా తరగదు. 1857 తిరుగుబాటు కాలంలో నానాసాహెబ్ పక్షాన కదిలిన రంగారావు పాగేకు కౌలాస్ రాజా దీప్‌సింగ్ అండగా నిలిచాడు. విచారణలో రంగారావుకు ద్వీపాంతర శిక్ష పడింది. దీప్‌సింగ్ కారాగారవాసం అనుభవించాడు. సిపాయిల తిరుగుబాటులో తెలంగాణ పాత్ర ఏమిటని పోటీ పరీక్షల్లో అడిగే ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే ఉంది.

కౌలాస్‌కు దోమకొండకు ఉన్నట్టు వెనక్కి తిరిగి వచ్చిన కుటుంబం లేదు. లింగంపేట బావికి ఉన్నట్టు నీటి అవసరం లేదు. భిక్కనూరు గుడికి ఉన్నట్టు నిత్యం వచ్చే భక్తజనం లేదు. నిధుల కోసం వేటగాళ్లు తవ్వుతారన్న భయం ఈ జిల్లాలోని ఏ పాత కోటకైనా ఉన్నదే. 2017లో తెలంగాణ వారసత్వ పరిరక్షణ చట్టం వచ్చింది. రక్షిత జాబితాలోకి ఎక్కిన కట్టడానికే ఆ చట్టం గొడుగు పడుతుంది. జాబితాకు ఎక్కని గడులు, బురుజులు, మెట్ల బావులు, సత్రాలు మన మండలాల్లో ఎన్ని ఉన్నాయో ఊరూరా తిరిగి రాసుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కళాశాల చరిత్ర విభాగం విద్యార్థులు, గ్రామ కార్యదర్శి, ఒక ఫొటో తీసే మొబైల్ ఉంటే రెండు వేసవి సెలవుల్లో ముగుస్తుంది. పాత దస్తావేజులు చదవగలిగే ఉర్దూ వచ్చిన పెద్దలు ఊళ్లలో ఇంకా కొందరే మిగిలారు. ఆ పని వారున్నప్పుడే జరగాలి.